సర్టిఫికెట్ల ఫైలు అటక మీద పెట్టండి: హాకీ ఆడే అమ్మాయితో అమెరికా వచ్చినవాళ్లకు

హైదరాబాద్‌లో హాకీ ఆడే పిల్ల ఉన్న ప్రతి ఇంట్లో ఒక ఫైలు ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లలో వరసగా అండర్-14 జిల్లా, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) రాష్ట్రస్థాయి, సబ్ జూనియర్ నేషనల్స్, ఆఖరికి సమ్మర్ క్యాంపులో ఇచ్చిన పార్టిసిపేషన్ సర్టిఫికెట్ కూడా. బట్టలు తగ్గించుకుని మరీ దాన్ని సూట్‌కేసులో పెట్టుకొస్తారు. తప్పేం లేదు, మన దగ్గర స్పోర్ట్స్ కోటా సీటు ఆ కాగితాలు చూసే ఇస్తారు కదా. గొడవంతా న్యూజెర్సీలో దిగాక మొదలవుతుంది. నాన్న ఫైలు మొత్తం స్కాన్ చేసి, నలభై పేజీల పీడీఎఫ్ తయారుచేసి, తన జీమెయిల్ నుంచి పదిమంది యూనివర్సిటీ కోచ్‌లకు 'రెస్పెక్టెడ్ సర్' అంటూ పంపేస్తాడు. ఆ సర్‌లలో సగంమంది మేడమ్‌లు. జవాబు రాదు. నెల తర్వాత అదే పీడీఎఫ్ ఇంకో పదిమందికి వెళ్తుంది.

అమ్మా, నాన్నా, ఇక్కడ కాగితం చూడరు. ఆట చూస్తారు. ఆ ఆట కూడా మీ అమ్మాయే తీసుకెళ్లి వాళ్ల కళ్ల ముందు పెట్టాలి. అసోసియేషన్ లిస్టు పెట్టి, సెలెక్షన్ ట్రయల్స్‌కి పిలిచే పద్ధతి కాలేజీ జట్లకు లేదు.

ముందు ఏ హాకీ అన్నది తేల్చుకుందాం. అమెరికాలో ఉత్త 'హాకీ' అంటే మంచు మీద ఆడేది. మనది 'ఫీల్డ్ హాకీ'. కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏలో అది అమ్మాయిలకే ఉంది, అబ్బాయిలకు జట్లే లేవు. గచ్చిబౌలి టర్ఫ్ మీద పెరిగి, మన హైదరాబాదీ ముకేశ్ కుమార్‌లా ఒలింపిక్స్ దాకా వెళ్లాలనుకునే కొడుకు ఉంటే లఫ్‌బరో, డరమ్, ఎక్సెటర్ లాంటి బ్రిటన్ యూనివర్సిటీల వైపు చూడండి. ఇక్కడే పెరిగిన అబ్బాయి ఐస్ హాకీ ఆడుతుంటే ఆ లెక్కే వేరు. ప్లస్ టూ అయ్యాక ఒకటి రెండేళ్లు జూనియర్ లీగుల్లో ఆడి పంతొమ్మిది, ఇరవై ఏళ్లకు కాలేజీలో చేరడం అక్కడ మామూలే. 2025 ఆగస్టు నుంచి కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లనూ రానిస్తున్నారు కాబట్టి పోటీ ఇంకా పెరిగింది. ఇక్కడ చెప్పేదంతా అమ్మాయిల ఫీల్డ్ హాకీ సంగతే.

ఎక్కడ ఇల్లు తీసుకుంటారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా చేరే డాలస్ చుట్టుపక్కల ప్రభుత్వ హైస్కూళ్ల ఆటల్లో ఫీల్డ్ హాకీ లేదు. కొన్ని ప్రైవేటు స్కూళ్లలో మాత్రం ఆడతారు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మేరీలాండ్, వర్జీనియా, మసాచుసెట్స్, కనెటికట్ ఈ ఆటకు పుట్టిళ్ల లాంటివి. స్కూలు సీజను ఆగస్టులో మొదలై నవంబరుకల్లా అయిపోతుంది. సెప్టెంబరు మొదటి వారంలో దిగి 'ట్రయల్స్ ఎప్పుడు?' అని అడిగితే అవి అయిపోయి ఉంటాయి. డాక్టర్ ఫిజికల్ ఫారం, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ జూన్, జూలైల్లోనే పూర్తిచేయాలి.

స్కూలు జట్టు ఒక్కటే చాలదు. ఆ మూడు నెలలూ కాలేజీ కోచ్‌లకు కూడా సీజనే, హైస్కూలు మ్యాచులు చూసే తీరిక ఉండదు. వాళ్లు పిల్లల్ని ఎక్కువగా చూసేది క్లబ్ టోర్నమెంట్లలో. థాంక్స్‌గివింగ్ వారంలో ఇక్కడి జాతీయ సంఘం యూఎస్ఏ ఫీల్డ్ హాకీ నడిపే నేషనల్ హాకీ ఫెస్టివల్, చలికాలంలో ఇండోర్, ఎండాకాలంలో మిగతావి. ఇండోర్ అనగానే మన పిల్లలు తడబడతారు. అక్కడ హిట్ లేదు, పుష్ మాత్రమే. పక్కన బోర్డులుంటాయి, బంతి వాటికి తగిలి తిరిగొస్తుంది. ఒక సీజను ఇబ్బందిపడితే పడనివ్వండి. బంతి అందుకోవడం చాలా మెరుగవుతుంది.

ఇప్పుడు తేదీలు. పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15. ఎన్‌సీఏఏ కాలేజీలను మూడు డివిజన్లుగా విడగొట్టింది, పై మెట్టు డివిజన్ 1. ఆ డివిజన్ కోచ్‌లు అంతకుముందు మీ అమ్మాయికి ఫోన్ చేయకూడదు, రిక్రూటింగ్ గురించి మెయిల్ రాయకూడదు, మాట్లాడకూడదు. క్యాంపు కరపత్రం, వివరాలు నింపే ఫారం పంపొచ్చు, అంతే. తొమ్మిదో తరగతి పిల్ల మెయిల్‌కి జవాబు రాలేదంటే నచ్చలేదని కాదు, నియమం ఒప్పుకోదు. కానీ చదువుతారు, పేరు రాసుకుంటారు. ఆ ఆగస్టు 1 నుంచి క్యాంపస్ సందర్శనలు మొదలవుతాయి. స్కాలర్‌షిప్ ఆఫర్ రాతపూర్వకంగా వచ్చేది పన్నెండో తరగతి మొదలయ్యే ఆగస్టు 1 తర్వాతే, అప్పటిదాకా అంతా నోటిమాట. పాత వ్యాసాల్లో 'నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్' అని కనిపిస్తుంది. అది 2024లోనే రద్దయింది. ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందం మీద. డివిజన్ 3 కోచ్‌లకు జూన్ 15 అడ్డు లేదు, ఎప్పుడైనా జవాబివ్వొచ్చు.

ఇక వీడియో. ఎన్నిసార్లు చెప్పినా వినని విషయం ఇదే కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

మూడు నుంచి నాలుగు నిమిషాలు, అంతకు మించొద్దు. మొదటి ఫ్రేములో పేరు, ఏ సంవత్సరం హైస్కూలు పూర్తవుతుంది, పొజిషన్, జెర్సీ రంగు, నంబరు, పిల్ల మెయిల్ ఐడీ. ఐదు సెకన్లు చాలు. తర్వాత పదిహేను, ఇరవై క్లిప్పులు, ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సెకన్లు. ప్రతి క్లిప్పు మొదట్లో ఒకటి రెండు సెకన్లు ఆపి పిల్ల మీద బాణం గుర్తో వృత్తమో పెట్టాలి. ఒకే జెర్సీ వేసుకున్న పదకొండు మందిలో మీ అమ్మాయి ఎవరో మీకు తెలుసు, కోచ్‌కి తెలియదు. బాగా ఆడిన క్లిప్పులు ముందే రావాలి. మొదటి అర నిమిషంలో కళ్లు నిలవకపోతే మిగతాది ఎవరూ చూడరు.

పాట పెట్టకండి. సినిమా పాట అసలే వద్దు. గోల్ కొట్టిన తర్వాత సంబరాలు, మెడల్ వేయించుకోవడం, అతిథి గారితో ఫోటో, డ్రోన్ షాట్లు, స్లో మోషన్ అన్నీ కత్తిరించేయండి. మనవాళ్ల వీడియోల్లో గోల్ మాత్రమే ఉంటుంది, దానికి ముందు ఐదు సెకన్లు ఉండవు. కోచ్‌కి కావలసింది ఆ ఐదు సెకన్లే. బంతి రాకముందు భుజం మీదుగా వెనక్కి చూసిందా? మొదటి టచ్‌తోనే ఖాళీ వైపు తిరిగిందా, లేక కాళ్ల కింద ఆపేసి అప్పుడు తలెత్తిందా? బంతి పోయాక నడుముల మీద చేతులేసుకుని నిలబడిందా, వెనక్కి పరిగెత్తి ట్యాకిల్ చేసిందా? ఆ వెనక్కి పరిగెత్తే క్లిప్పు ఒకటైనా పెట్టండి. నలుగురిని డ్రిబుల్ చేసుకుంటూ దాటిన క్లిప్పులే పది పెడితే, పాస్ ఇవ్వడం రాదనుకుంటారు. మిడ్‌ఫీల్డర్ అయితే రెండువైపులా పాసులు, రివర్స్ స్టిక్, ఏరియల్ (గాల్లో లేపి వేసే పాసు). డిఫెండర్ అయితే సర్కిల్ బయటే అడ్డుకోవడం, బంతి గుంజుకుని ముందుకు పంపడం. పెనాల్టీ కార్నర్‌లో ఇంజెక్ట్ చేసేది (గోల్ లైను మీంచి బంతి లోపలికి నెట్టేది) తనే అయితే తప్పకుండా పెట్టాలి, దానికి విలువుంది. గోల్‌కీపర్ అయితే ఆపిన బంతి ఎక్కడికి వెళ్లిందో కనిపించాలి. ఆపింది మళ్లీ ఫార్వర్డ్ స్టిక్ దగ్గరకే పోతే అది సేవ్ కిందికి రాదు. కీపర్ వీడియోలో మాత్రం మైదానం శబ్దం తీసేయకండి, డిఫెన్స్‌ని అరిచి సర్దుతోందో లేదో వింటారు.

తీయడం కూడా ఒక పనే. సైడ్‌లైన్ పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్ నిలువుగా పట్టుకుని తీస్తే బంతి, పిల్ల కాళ్లు తప్ప ఏమీ కనబడవు. మధ్యగీత దగ్గర గ్యాలరీలో ఎత్తైన మెట్టు ఎక్కి, స్టాండ్ మీద ఫోన్ అడ్డంగా పెట్టండి. బంతి చుట్టూ కనీసం మూడో వంతు మైదానం పడాలి. మ్యాచులో జూమ్ చేయకండి. ఎండ మీ వీపు వైపు ఉండేలా చూసుకోండి. ఇంకా హైదరాబాద్‌లోనే ఉంటే, మట్టి గ్రౌండు మ్యాచులు వదిలేసి టర్ఫ్ మీద ఆడిన రెండు పూర్తి మ్యాచులు తీసి దాచుకోండి. అమెరికాలో దిగిన మొదటి ఆరు నెలలూ చూపించడానికి అవే ఉంటాయి. క్లిప్పులు నచ్చిన కోచ్ తర్వాత అడిగేది పూర్తి మ్యాచే. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' పెట్టి లింకు పంపండి. 'ప్రైవేట్' పెడితే కోచ్‌కి తెరుచుకోదు. ఈ చిన్న పొరపాటుతో ఎన్ని మెయిళ్లు మట్టికొట్టుకుపోతాయో!

మెయిల్ పిల్లే రాయాలి, పిల్ల ఐడీ నుంచే వెళ్లాలి. సబ్జెక్టులో హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం, పొజిషన్, పేరు, ఊరు. లోపల ఎనిమిది పది వాక్యాలు: ఎవరు, ఏ క్లబ్, ఆ కాలేజీయే ఎందుకు (వాళ్ల మ్యాచ్ ఒకటైనా చూసి రాయాలి), మార్కులు, వీడియో లింకు. ముప్పై, నలభై కాలేజీలకు రాయొచ్చు కానీ కాపీ పేస్ట్‌లో ఒక కాలేజీ పేరు ఇంకో కోచ్‌కి వెళ్లిందంటే ఆ తలుపు మూసుకున్నట్టే. టోర్నమెంటుకు వారం ముందు మళ్లీ రెండు ముక్కలు: ఏ మైదానం, ఏ టైము, ఏ జెర్సీ నంబరు. కోచ్ ఫోన్ చేస్తే నాన్న ఎత్తకూడదు. స్పీకర్ ఆన్ చేసి వెనక నుంచి 'స్కాలర్‌షిప్ ఎంతో అడుగు' అని సైగలూ చేయకూడదు, అవతలివాళ్లకు తెలిసిపోతుంది. పిల్ల తడబడితే తడబడనివ్వండి.

క్యాంపు ఆహ్వానం రాగానే పొంగిపోకండి. 'డియర్ అథ్లెట్' అని మొదలైతే అది వందలమందికి వెళ్లింది, పిల్ల ఆటలో ఫలానా సంగతి నచ్చిందని రాసి ఉంటేనే అది మీకు వచ్చినట్టు.

చదువు విషయంలో మాత్రం కాగితాలు కావాలి. ఎన్‌సీఏఏ అర్హత కేంద్రం తొమ్మిదో తరగతి నుంచీ మార్కులు అడుగుతుంది. మన ఇళ్లలో టెన్త్ మెమో బీరువాలో భద్రంగా ఉంటుంది, నైన్త్ ప్రోగ్రెస్ కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. టీసీ తీసుకునేటప్పుడే దానికి స్కూలు ముద్ర, సంతకం వేయించుకోండి. డివిజన్ 1కి 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. అందులో ఇంగ్లిష్ నాలుగేళ్లు, లెక్కలు మూడేళ్లు, సైన్స్ రెండేళ్లు, సోషల్ రెండేళ్లు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లకు సోషల్ ఉండేది తొమ్మిది, పదిలోనే, అందుకే ఆ కార్డు అంత ముఖ్యం. అర్హతకు శాట్ పరీక్ష రాయాలన్న నియమాన్ని ఎన్‌సీఏఏ 2023లో తీసేసింది కానీ హార్వర్డ్, బ్రౌన్, డార్ట్‌మత్, ఎంఐటీ మళ్లీ అడుగుతున్నాయి. ఇంకో మాట: 'లాంగ్ టర్మ్' అలవాటుతో పన్నెండు అయ్యాక ఏడాదో రెండేళ్లో ఆగి టోర్నమెంట్లు ఆడదామనుకోకండి. ఆలస్యంగా చేరితే ఆడే సంవత్సరాలు కోతపడే ప్రమాదం ఉంది.

డబ్బు. పూర్తి స్కాలర్‌షిప్ అరుదు. డివిజన్ 1లో చాలా ఏళ్లు జట్టుకు 12 స్కాలర్‌షిప్పుల పరిమితి ఉండేది, వాటినే ఇరవై పైచిలుకు మందికి పంచేవాళ్లు. 2025 నుంచి, ఆటగాళ్లకు డబ్బు చెల్లింపుల కేసులో కుదిరిన కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 27 మందే ఉండాలన్న కొత్త పరిమితి వచ్చింది. అంటే అందరికీ ఎంతోకొంత స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు కానీ జట్టులో చోట్లు తగ్గాయి. డివిజన్ 3లో, ఐవీ లీగ్‌లో ఆటకంటూ పైసా ఇవ్వరు. అయినా హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్, డార్ట్‌మత్, బ్రౌన్, డివిజన్ 3లో ఆమ్‌హర్స్ట్, బోడిన్, ఎంఐటీ విదేశీ విద్యార్థులకు కూడా కుటుంబ ఆదాయాన్ని బట్టి పూర్తి అవసరం తీరుస్తాయి. వీటన్నిటికీ ఫీల్డ్ హాకీ జట్లున్నాయి. కోచ్ అడ్మిషన్ ఆఫీసుకు ముందుగా మార్కులు పంపి 'ఈ పిల్ల వస్తుందా' అని అడగడాన్ని ప్రీ-రీడ్ అంటారు, పదకొండో తరగతి అయిన జూలైలో మొదలవుతుంది. మార్కుల పిల్లలకు అసలు దారి ఇదే. ఇక ప్రకటనలు, స్పాన్సర్‌షిప్పుల డబ్బు అంటారా, ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద దాన్ని ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. వీసా పోతే ఆటా పోతుంది.

ఇంత చదివాక భయమేస్తే, సరే, ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాం. మూడు డివిజన్లూ కలిపి 250కి పైగా కాలేజీల్లో ఫీల్డ్ హాకీ ఉంది. నలభై మెయిళ్లకు నాలుగు జవాబులొస్తే ఆ నాలుగూ చాలు, చేరేది ఒక్కదాంట్లోనే. మన పిల్లల స్టిక్ పనితనం ఇక్కడ నిజంగానే కనబడుతుంది. బంతిని స్టిక్‌తో కుడి ఎడమలకు మారుస్తూ తీసుకెళ్లడాన్ని ఇక్కడి కోచ్‌లు కూడా 'ఇండియన్ డ్రిబుల్' అనే పేరుతోనే నేర్పిస్తారు. పదకొండులో దిగినవాళ్లకు డివిజన్ 1 చాలామటుకు నిండిపోయి ఉంటుంది, డివిజన్ 3 మాత్రం పన్నెండో తరగతి శరదృతువు దాకా తెరిచే ఉంటుంది. ఈ శనివారం మ్యాచ్ ఉంటే మెట్లెక్కి స్టాండ్ పెట్టండి, బ్యాటరీ ముందే చార్జ్ చేసుకోండి, నాలుగు క్వార్టర్లూ పూర్తిగా తీయండి.