సొంత మిబ్ ఆబ్జెక్టులో సెట్ విఫలమైతే ఎక్కడ వెతకాలి

విశాఖపట్నం గాజువాక వైపు ఉన్న ఒక రొయ్యల కోల్డ్‌స్టోరేజీలో మేము ఉష్ణోగ్రత కంట్రోలరు అమర్చి, గది గరిష్ఠ హద్దును ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్కు మీదుగా పరికరాల విలువలను చదివి, మార్చే పద్ధతి) ద్వారా దూరం నుంచి మార్చుకునేందుకు సొంత మిబ్‌లో, అంటే అలాంటి విలువల పట్టికలో, ఒక ఆబ్జెక్టు పెట్టాం. విలువ చదవడం మొదటి రోజు నుంచీ సాఫీగా సాగింది. సిరిపురంలోని ఆఫీసు నుంచి కొత్త విలువ రాయబోతే మాత్రం మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరు తెర మీద ‘సెట్ ఫెయిల్డ్’ (రాత విఫలమైంది) అన్న రెండు ముక్కలే వచ్చాయి. కంట్రోలరు కార్డు చెడిపోయిందనుకుని వెళ్లి మార్చి వచ్చాం. పాత కార్డులో ఏ లోపమూ లేదు.

కాబట్టి పరికరం జోలికి వెళ్లేముందు ఏజెంట్ (పరికరంలో నడుస్తూ ఈ అభ్యర్థనలకు జవాబిచ్చే ప్రోగ్రాము) పంపిన అసలు దోష సంఖ్యను చూడాలి. సాఫ్ట్‌వేరు తెర దాన్ని దాచేస్తుంది గనుక, అదే ఓఐడీకి (ఆబ్జెక్టును గుర్తించే చుక్కల సంఖ్యకు) అదే విలువను కమాండ్ లైను నుంచి ఎస్‌ఎన్‌ఎంపీ‌సెట్‌తో, తప్పనిసరిగా వెర్షన్ 2సీలో పంపండి. 1990 నాటి వెర్షన్ 1లో 0 నుంచి 5 వరకే సంఖ్యలున్నాయి. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3416 అనే ప్రమాణ పత్రంలో అవి 18 దాకా ఉన్నాయి. వెర్షన్ 1లో అడిగితే అనుమతి లేకపోయినా, ఆబ్జెక్టు రాతకు పనికిరానిదైనా ‘నోసచ్‌నేమ్’ అనే ఒకే జవాబు వస్తుంది. దాన్ని నమ్మి ఓఐడీలో తప్పులు వెతుకుతూ పూటలు పోగొట్టుకున్నవారిలో నేనూ ఒకణ్ణి.

జవాబే రాకుండా టైమ్‌అవుట్ అయితే వెంటనే నెట్‌వర్కును అనుమానించనక్కరలేదు. కమ్యూనిటీ స్ట్రింగ్ (పాస్‌వర్డు లాంటి పదం) తప్పయితే ఏజెంట్ మౌనంగా ఊరుకుంటుంది. చదవడానికీ రాయడానికీ సాఫ్ట్‌వేరులో వేర్వేరు గడులుంటాయి, రెండోది ఖాళీగానో పాతదిగానో ఉండిపోవడం మామూలే. 6, అంటే ‘నోయాక్సెస్’ వస్తే కమ్యూనిటీని ఏజెంట్ గుర్తుపట్టిందనీ, రాసే హక్కు మాత్రం ఇవ్వలేదనీ అర్థం. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ అనే ఏజెంట్ సాఫ్ట్‌వేరు వాడితే, దాని సెట్టింగుల ఫైలులో ఆర్‌ఓకమ్యూనిటీ (చదవడానికే), ఆర్‌డబ్ల్యూకమ్యూనిటీ (రాయడానికీ) లైన్లను సరిచూడండి. యాక్సెస్ లైనులో చదివే వ్యూ, రాసే వ్యూ (అందుబాటులో ఉండే ఓఐడీల పరిధులు) వేరుగా ఉంటాయి కాబట్టి, సంస్థల సొంత ఆబ్జెక్టులకు కేటాయించిన 1.3.6.1.4.1 కింద ఉన్న మీ కొమ్మ రెండో దానిలోనూ ఉండాలి.

17, ‘నాట్‌రైటబుల్’ వస్తే చాలామంది మిబ్ ఫైలు తెరిచి ‘రీడ్-రైట్’ అని ఉందో లేదో చూస్తారు. ఆ ఫైలు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరుకు పటం మాత్రమే. ఏజెంట్ కోడులో ఆబ్జెక్టును చదవడానికే నమోదు చేసి ఉంటే ఫైలులో ఏం రాసినా ఫలితం ఉండదు. పాస్ స్క్రిప్టు (ఏజెంట్ పిలిచే బయటి ప్రోగ్రాము) వాడినవారు రాతను సూచించే ‘-ఎస్’ ఆర్గ్యుమెంటు వచ్చినప్పుడు ఏం చేయాలో అందులో రాశారో లేదో చూసుకోవాలి. ఒకే విలువ ఉండే ఒంటరి ఆబ్జెక్టు ఓఐడీ చివర ‘.0’ మరిచిపోతే 11, ‘నోక్రియేషన్’ రావచ్చు.

మా చిక్కు 7, ‘రాంగ్‌టైప్’ దగ్గర తేలింది. మైనస్ 16 డిగ్రీల హద్దు కోసం మా కుర్రవాడు ‘-16.0’ను స్ట్రింగ్‌గా పంపాడు. ఎస్‌ఎన్‌ఎంపీ ప్రామాణిక రకాల్లో దశాంశ సంఖ్యలు లేవు గనుక మేము డిగ్రీలో పదో వంతును పూర్ణాంకంగా పెట్టుకున్నాం, పంపవలసింది -160. రకాన్ని పూర్ణాంకంగా మార్చి -16 పంపితే ఏజెంట్ మారుమాట లేకుండా తీసుకుంది, ఎందుకంటే అదీ అనుమతించిన పరిధిలోనిదే. హద్దు మైనస్ 1.6 డిగ్రీలైంది, అంటే రొయ్యలు కరగబోతున్నా అలారం మోగదు. దోషం చూపే రాతకన్నా దోషం లేదని చెప్పే ఇలాంటి రాతే నన్ను ఎక్కువ భయపెడుతుంది. పరిధి దాటితే 10, ‘రాంగ్‌వేల్యూ’ వస్తుంది. అందుకే మిబ్‌లోనూ కోడులోనూ పరిధిని బిగించి రాయడం మేలు.

14, ‘కమిట్‌ఫెయిల్డ్’ గానీ 5, ‘జెన్‌ఎర్’ గానీ వస్తే ఏజెంట్ ఏ యూజరు పేరుతో నడుస్తోందో చూడండి; విలువను దాచే ఫైలులో ఆ యూజరుకు రాసే అనుమతి ఉండకపోవచ్చు. ఒకే సెట్‌లో అనేక విలువలు పంపితే ఒక్కటి తప్పినా అన్నీ ఆగిపోతాయి, తప్పినది ఎన్నోదో ఎర్రర్ ఇండెక్స్ చెబుతుంది. 2సీలో కమ్యూనిటీ స్ట్రింగ్ బాహాటంగా ప్రయాణిస్తుంది కాబట్టి, పరీక్ష ముగిశాక వెర్షన్ 3కు మారండి.

రాత నెగ్గిన తరువాత విలువను తిరిగి చదివి, ఏజెంట్‌ను రీస్టార్ట్ చేసి, మరొకసారి చదవండి. మా కంట్రోలరులో రీస్టార్ట్ తరువాత పాత హద్దే ప్రత్యక్షమైంది. విలువను ఫైలులో దాచి, ఏజెంట్ లేచినప్పుడు దాన్ని చదువుకునేలా కోడు మార్చాకే -160 నిలిచింది.