లోడు మీద ఆగిపోయిన చిన్న ట్రాక్టరును బాగుచేసే పద్ధతి

పదిహేను మొదలు నలభై హార్స్ పవర్ వరకు ఉండే చిన్న ట్రాక్టరు గంటల తరబడి రోటవేటరు తిప్పిన తర్వాతో, లోడరుతో మట్టి ఎత్తిపోసిన తర్వాతో ఉన్నట్టుండి ఆగిపోయిందంటే, వెతకవలసినవి రెండు ఉంటాయి. ఒకటి పాడైన భాగం, రెండోది దానిని పాడుచేసిన కారణం. పాడైన భాగం తొందరగా కంటపడుతుంది కాబట్టి చాలామంది దానిని మార్చి, పని పూర్తయిందని ట్రాక్టరును తిరిగి పొలంలోకి దింపుతారు. కారణం అలాగే మిగిలి ఉంటే కొత్తగా వేసిన భాగం కూడా కొద్ది రోజుల్లోనే అదే దారి పడుతుంది. అందువల్ల పానా పట్టే ముందు బండి ఎలా ఆగిపోయిందో నడిపిన మనిషిని అడిగి తెలుసుకోవాలి. మెల్లగా శక్తి తగ్గుతూ ఆగిందా, ఒక్కసారిగా శబ్దంతో ఆగిందా, వేడి సూచించే ముల్లు ఎక్కడ ఉంది, పొగ ఏ రంగులో వచ్చింది అనే ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు దొరికితే వెతకవలసిన చోటు చాలావరకు తేలిపోతుంది.

మొదట చేయవలసినది, చేయకూడనిది

వేడెక్కి ఆగిన ఇంజన్ మీద చన్నీళ్ళు పోయకూడదు. కాలిన ఇనుము ఒక్కసారిగా చల్లబడితే సిలిండర్ హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) పగిలే ప్రమాదం ఉంది. రేడియేటర్ మూత కూడా తీయకూడదు. లోపలి నీరు ఒత్తిడి కింద ఉండటం వల్ల వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులైన మరుక్షణం మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చేత్తో తాకగలిగేంత చల్లబడే వరకు ఆగడం తప్ప వేరే మార్గం లేదు. ఈలోపు ట్రాక్టరును చదునైన నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు అడ్డం పెట్టి, లోడరు బకెట్టునూ వెనుక పనిముట్టునూ నేలకు దించి, బ్యాటరీ నెగటివ్ తీగను ముందుగా విప్పాలి. హైడ్రాలిక్ బలంతో పైకి లేచి ఉన్న ఏ భాగం కిందకూ మనిషి దూరకూడదు.

ఇంజన్ పట్టేసిందో లేదో తెలుసుకోవడానికి స్టార్టరు వాడటం పెద్ద పొరపాటు. హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ కింద సిలిండర్లు ఉండే బ్లాకుకూ మధ్య సీలుగా ఉండే పొర) పోయి సిలిండరులో నీరు నిలిచి ఉంటే, ఆ నీరు నలగదు కాబట్టి స్టార్టరు బలానికి పిస్టనును క్రాంక్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పటిదాకా చిన్నదిగా ఉన్న రిపేరు పూర్తి ఇంజన్ పనిగా మారుతుంది. అందుకే గ్లో ప్లగ్గులనో (స్టార్టుకు ముందు సిలిండరును వేడిచేసేవి) ఇంజెక్టర్లనో (సిలిండరులోకి డీజిల్ చిమ్మేవి) ముందుగా విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. రంధ్రాల్లోంచి నీరు బయటికి వస్తే గ్యాస్కెట్ గాని హెడ్ గాని దెబ్బతిన్నదని తేలినట్టే. నీరు ఏమీ లేకుండా అసలు తిరగకపోతే, పిస్టనో బేరింగో పట్టేసి ఉండవచ్చు, లేదా వెనుక ఉన్న క్లచ్చు, గేరుబాక్సుల్లో ఏదో బిగుసుకుని ఉండవచ్చు. గేరును న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్చు తొక్కించి మరోసారి తిప్పి చూస్తే ఆ రెండింటిలో ఏది అన్నది తెలిసిపోతుంది.

ఆయిల్ చెప్పే సంగతులు

ఆయిల్ గేజి కడ్డీని బయటికి తీసి వెలుతురులో నిదానంగా చూడాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి, మట్టం ఉండవలసిన గీత కంటే పైకి వచ్చి ఉంటే అందులో నీరు కలిసింది. మట్టం పెరిగినా రంగు నల్లగానే ఉండి, పలుచబడి, డీజిల్ వాసన వేస్తుంటే ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే ఫీడు పంపు నుంచో, దానిని ఇంజెక్టర్లకు తోసే ఇంజెక్షన్ పంపు నుంచో ఇంధనం లోపలికి కారుతోందని అర్థం. ఆ తర్వాత ఆయిలును శుభ్రమైన గుడ్డ మీదుగా పాత్రలోకి వదలాలి. ఫిల్టరు డబ్బాను కోసి లోపలి కాగితపు మడతలను విప్పి చూడటం అందరూ చేసే పని కాదు గాని, నేను దానిని ఎన్నడూ వదలను. మడతల మధ్య మెరిసే రేకుల వంటి ముక్కలు కనిపిస్తే వాటి దగ్గరికి అయస్కాంతం తీసుకువెళ్ళాలి. అంటుకున్నవి ఉక్కు ముక్కలు, అంటుకోకుండా రాగి రంగులోనో బూడిద రంగులోనో ఉన్నవి చాలావరకు బేరింగు షెల్ (క్రాంక్ షాఫ్టు ఆనుకుని తిరిగే మెత్తని లోహపు పొర) ముక్కలు. అవి వేలికి తగిలేంత ఉంటే పైన గ్యాస్కెట్ మార్చినంత మాత్రాన ప్రయోజనం లేదు, క్రాంక్ షాఫ్టు వరకు ఇంజన్ విప్పక తప్పదు.

వేడెక్కడానికి మూలం

చిన్న ట్రాక్టర్లలో ముందు రేడియేటరునే అనుమానించాలి. దుమ్ములో, ఎండు గడ్డిలో పని చేసేటప్పుడు ఫ్యాను గాలితో పాటు పొట్టునూ ధూళినీ లోపలికి లాగుతుంది. ముందున్న జాలీ శుభ్రంగా కనిపించినా, దాని వెనుక ఆయిల్ కూలరు ఉన్న బండ్లలో ఆ కూలరుకూ రేడియేటరుకూ మధ్య సందులో పొట్టు దళసరిగా పేరుకుని ఉంటుంది. పై నుంచి చూస్తే అది కనబడదు. ఇంజన్ వైపు నుంచి టార్చి వేసి, ముందు వైపు నుంచి చూడాలి. వెలుతురు ఎక్కడ దాటి రావడం లేదో అక్కడ గాలి కూడా దాటడం లేదు. శుభ్రం చేసేటప్పుడు గాలి వచ్చిన దారికి ఎదురుగా, అంటే సాధారణంగా ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి గాలితోనో మామూలు పైపు నీటితోనో కడగాలి. ప్రెషర్ వాషరును దగ్గరగా పెడితే సన్నటి రేకులు మడతపడి శాశ్వతంగా మూసుకుపోతాయి. రేకుల మీద ఆయిల్ జిడ్డు ఉంటే సబ్బు నీటితో నానబెట్టి కడగడంతో పాటు ఆ ఆయిల్ ఎక్కడి నుంచి కారిందో కూడా కనిపెట్టాలి, లేకపోతే తొలి రోజు దుమ్ముకే అది మళ్ళీ పూడిపోతుంది.

ఆ తర్వాత ఫ్యాన్ బెల్టు సంగతి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు పది మిల్లీమీటర్ల వరకు లోపలికి పోవడం చాలా బండ్లకు సరిపోయే బిగువు, కచ్చితమైన కొలత మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తుంటే అది జారుతూ తిరిగిందని గుర్తు, అలాంటి దానిని బిగించడం కంటే మార్చడం మేలు. ఇంజన్ వేడెక్కాక రేడియేటరుకు నీటి దారి తెరిచే థర్మోస్టాట్‌ను బయటికి తీసి నీళ్ళ గిన్నెలో దారంతో వేలాడదీసి వేడి చేస్తూ థర్మామీటరుతో చూస్తే, దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. డీజిల్ ఇంజన్లలో ఇది తరచుగా 71 డిగ్రీలో 82 డిగ్రీలో ఉంటుంది. థర్మోస్టాట్ తీసేసి నడిపితే చల్లగా ఉంటుందని కొందరు సలహా ఇస్తారు. దానిని పాటించవద్దు. ఇంజన్ తగిన వేడికి చేరకపోతే ఇంధనం సరిగా మండదు, సిలిండర్ల అరుగుదల పెరుగుతుంది. వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి నీరు కారినా, ఫ్యానును ముందుకు వెనక్కి ఊపితే షాఫ్టు కదిలినా పంపును మార్చవలసిందే.

హెడ్ గ్యాస్కెట్ పని

సిలిండర్లలో నీరు లేదని నిర్ధారించుకుని, విప్పినవి బిగించి, ఆయిల్ కాఫీ రంగులో ఉంటే దానిని మార్చి కొత్తది పోసిన తర్వాతే కింద చెప్పే బుడగల పరీక్ష చేయాలి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నీరు నిండుగా పోసి స్టార్టు చేసినప్పుడు మొదటి నిమిషంలోనే ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండరు గాలి నీటి దారిలోకి పోతోంది. సిలిండరులో గాలి నలిగే ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజి ఉంటే పని మరింత తేలిక. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు ఒకే విధంగా తక్కువ చూపిస్తే, వాటి మధ్య సన్నని చోట గ్యాస్కెట్ కాలిపోయి ఉంటుంది.

హెడ్డు దించేటప్పుడు ఇంజెక్టరు పైపులను విప్పిన వెంటనే వాటి మూతులను శుభ్రమైన టోపీలతో మూయాలి, ఎందుకంటే కంటికి కనిపించని ఇసుక రేణువు ఒక్కటి కూడా నాజిల్‌ను పాడుచేయగలదు. వాల్వులను తెరిపించే పుష్ రాడ్లను ఏ వరుసలో తీశామో ఆ వరుసలోనే అట్టముక్కకు రంధ్రాలు చేసి గుచ్చి ఉంచాలి. హెడ్డు బోల్టులను బయటి వాటితో మొదలుపెట్టి లోపలికి వస్తూ, కొంచెం కొంచెంగా రెండు మూడు దఫాల్లో సడలించాలి. ఒకేసారి విప్పితే హెడ్డు వంగవచ్చు.

దించిన హెడ్డును శుభ్రం చేసి, సూటి అంచు ఉన్న ఉక్కు పట్టీని దాని మీద నిలువుగానూ, అడ్డంగానూ, రెండు మూలలకూ ఐమూలగానూ పెట్టి, కిందనుంచి ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకు) దూర్చి చూడాలి. చాలా చిన్న ఇంజన్లకు 0.05 మిల్లీమీటరు దగ్గరే హద్దు పెడతారు. ఆ రేకు సులువుగా దూరితే హెడ్డును లేతు పని చేసే చోటుకు పంపి చదును చేయించాలి, వాల్వుల మధ్య పగుళ్ళు ఉన్నాయేమో కూడా అక్కడే పరీక్షించమనాలి. ఇంత వేడెక్కిన హెడ్డును కొలవకుండా తిరిగి బిగించడం కంటే ఆ రోజు పని మానుకోవడం మంచిది.

బ్లాకు మీద పాత గ్యాస్కెట్ అవశేషాలను గీకేటప్పుడు గరుకు డిస్కు వాడకూడదు. బోల్టు రంధ్రాల్లో నిలిచిన నీటినీ ఆయిలునూ గాలితో ఊదేయడం మరవకూడదు. అడుగున ద్రవం ఉంటే బోల్టు దిగే కొద్దీ దానికి బయటికి దారి లేక, బిగువును కొలిచే పానా అయిన టార్క్ రెంచి తప్పుడు బిగువు చూపిస్తుంది, కొన్నిసార్లు బ్లాకే పగులుతుంది. కొన్ని ఇంజన్లకు గ్యాస్కెట్ వేర్వేరు మందాలలో వస్తుంది కాబట్టి పాతదాని మీద ఉన్న గుర్తులతో సరిచూసుకునే కొనాలి. బిగింపు మధ్య బోల్టుతో మొదలై చుట్లుగా బయటికి సాగాలి, మాన్యువల్‌లో చెప్పిన టార్కును మూడు దఫాలుగా చేరుకోవాలి. ఒకసారి బిగిస్తే సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి. చివరగా వాల్వు క్లియరెన్సు, అంటే వాల్వుకూ దానిని నొక్కే భాగానికీ మధ్య ఉండవలసిన సందు, సరిచేయాలి.

లోడు మీద మాత్రమే మొరాయించే బండి

ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, నాగలి దిగగానే ఆగిపోతుంటే ఇంధనం చాలడం లేదని ముందుగా భావించాలి. డీజిల్ ఫిల్టరు, దాని కింద నీరు చేరే గిన్నె, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం అనే వరుసలో చూడాలి. మూత వదులు చేయగానే బండి కోలుకుంటే ఆ రంధ్రమే మూసుకుపోయింది. పొగ నల్లగా వస్తుంటే మాత్రం తగ్గింది గాలి, అంటే ఎయిర్ ఫిల్టరు చూసుకోవాలి. ఫిల్టరు మార్చిన తర్వాత లైనులో చిక్కిన గాలిని ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి ఫిల్టరు, పంపు, చివరగా ఇంజెక్టర్ల నట్టుల దగ్గర ఒక్కొక్కటిగా తీయాలి. పంపు తర్వాతి పైపుల్లో డీజిల్ అత్యధిక ఒత్తిడితో చిమ్ముతుంది, అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కారుతున్న చోటును చేత్తో కాకుండా అట్టముక్కతో వెతకాలి.

ఇంజన్ వేగం పెరుగుతూ బండి మాత్రం ముందుకు సాగకపోతే క్లచ్చు జారుతోంది. పెడలుకు ఉండవలసిన ఖాళీ ఆట లేకపోవడమే కారణమైతే లింకు సరిచేస్తే సరిపోతుంది. ప్లేటు కాలిపోయి ఉంటే ట్రాక్టరును నడుమ విడదీయాలి, ఇది ఒంటరిగా చేయకూడని పని. ముందు ఇరుసు మధ్యలో ఉన్న పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా ఉంటుంది, అందుచేత విడదీసిన వెంటనే ఇంజన్ భాగం పక్కకు ఒరుగుతుంది. బోల్టు ఒక్కటి కూడా విప్పకముందే ఇరుసుకూ ఫ్రేముకూ మధ్య రెండు వైపులా గట్టి చెక్క ముక్కలను బిగించాలి, రెండు సగాలనూ జాకీల మీద కాకుండా స్టాండ్ల మీద నిలపాలి. లోపలికి వెళ్ళిన తర్వాత ప్లేటుతో పాటు పెడలు తొక్కితే క్లచ్చును విడిపించే రిలీజు బేరింగునూ, గేరుబాక్సు షాఫ్టు కొనను మోసే పైలట్ బేరింగునూ మార్చాలి. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు, పగుళ్ళు ఉంటే చదును చేయించాలి, వెనుక ఆయిల్ సీలు చెమ్మగిల్లితే దానినీ వదలకూడదు.

లిఫ్టు లేవకపోయినా, హైడ్రోస్టాటిక్ బండి (గేర్లకు బదులు ఆయిల్ ఒత్తిడితో నడిచేది) వేడెక్కాక బలం కోల్పోయినా హైడ్రాలిక్ ఆయిల్ మట్టం, పంపు ఆయిల్ పీల్చుకునే చోటి సక్షన్ జాలీ, ఫిల్టరు ముందు చూడాలి. పంపు కూతపెడుతుంటే ఎక్కడో గాలి పీల్చుకుంటూ ఉండవచ్చు. పీటీఓ (వెనుక పనిముట్లను తిప్పే షాఫ్టు) దగ్గర తెగిన షియర్ బోల్టు (భారం మించితే తానే తెగి మిగతా భాగాలను కాపాడేది) స్థానంలో అంతకంటే గట్టి బోల్టు వేయడం గేరుబాక్సును పణంగా పెట్టడమే, అదే గ్రేడు బోల్టు వాడాలి.

తిరిగి పనిలోకి

రేడియేటరులో కేవలం నీరు కాక, కూలెంటు ద్రవాన్ని నీటితో తయారీదారు చెప్పిన పాళ్ళలో, చాలావరకు సగానికి సగం కలిపి పోయాలి. ఆ ద్రవం తీపిగా ఉండే విషం కాబట్టి పిల్లలకూ పశువులకూ అందకుండా చూడాలి. నీరు కలిసిన ఇంజన్‌లో తాజా ఆయిల్, ఫిల్టరు వేసి, లోడు లేకుండా వేడెక్కే వరకు నడిపి, ఆ ఆయిలును వెంటనే పారబోసి మళ్ళీ కొత్తది పోయాలి, ఎందుకంటే మిగిలిన తేమ బేరింగులను తింటుంది. మొదటి కొన్ని గంటలు సగం లోడుతోనే పని చేయిస్తూ, మధ్యమధ్య ఆపి, చల్లబడిన తర్వాత కూలెంటు మట్టం చూడాలి, బెల్టు బిగువూ చక్రాల నట్టులూ సరిచూడాలి. బరువు పని చేసేటప్పుడు ఎక్కువ గేరులో ఇంజన్‌ను మూలుగుతూ లాగనివ్వకూడదు. ఇంజన్ చుట్లు పడిపోతే ఫ్యానూ వాటర్ పంపూ కూడా నెమ్మదించి, వేడి పెరిగే వేళకే చల్లదనం తగ్గుతుంది, కాబట్టి గేరు తగ్గించి చుట్లు పెంచి నడపాలి. పని ముగిశాక కూడా కొద్ది నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి అప్పుడు ఆపాలి. మాన్యువల్ కోరిన గంటలకు హెడ్డు బోల్టులను మళ్ళీ బిగించవలసి ఉంటే, ఆ పని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేయాలో వేడిగా ఉన్నప్పుడు చేయాలో అందులోనే చూసుకుని, తర్వాత వాల్వు క్లియరెన్సును ఇంకొకసారి కొలవాలి.