రీబూట్ చేసినా పాత కెర్నలే వస్తోందా? రెడ్ హ్యాట్ 8 నుంచి 9కి మారే ముందు చూడవలసినవి

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8 మీద నడుస్తున్న సర్వర్‌ను లీప్ అనే రెడ్ హ్యాట్ అప్‌గ్రేడ్ సాధనం సాయంతో 9కి మార్చబోయేవారి కోసం ఇది రాస్తున్నాను. బ్యాకప్ తీసుకున్నారనీ, రీబూట్ తర్వాత నెట్‌వర్క్ రాకపోయినా కన్సోల్ ద్వారా లోపలికి వెళ్లగలరనీ అనుకుని ముందుకు సాగుతాను. 7 నుంచి నేరుగా 9కి దూకే దారి లేదు కనుక, 7 మీద ఉన్నవారు ముందు 8కి చేరుకోవాలి.

సమస్య

ప్యాకేజీలన్నీ తాజా చేసి, రీబూట్ చేసి, లీప్ ప్రీఅప్‌గ్రేడ్ అనే ముందస్తు తనిఖీ నడిపితే, ఇన్‌స్టాల్ అయి ఉన్న కెర్నళ్లలో (కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రామ్) అన్నిటికంటే కొత్తది వాడుకలో లేదంటూ అది అప్‌గ్రేడ్‌ను ఆపేస్తుంది. మళ్లీ రీబూట్ చేసినా అదే మాట వస్తుంది. ఈ దశలో నన్ను పిలిచేవారిలో చాలామంది నాలుగైదు సార్లు రీబూట్ చేసి ఉంటారు కానీ, /వార్/లాగ్/లీప్ డైరెక్టరీలో ఉన్న నివేదికను ఒక్కసారి కూడా తెరిచి ఉండరు. ఏది అడ్డుపడుతోందో, దానికి ఏం చేయాలో ఆ నివేదికలోనే రాసి ఉంటుంది. దయచేసి ముందు దాన్ని చదవండి.

మామూలు కారణం

యునేమ్ -ఆర్ చూపించే (అంటే ఇప్పుడు నడుస్తున్న) కెర్నల్‌ను, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల ఆర్‌పీఎం జాబితాలోని కొత్త కెర్నల్‌తో పోల్చి చూడండి. రెండూ వేరైతే, డిఫాల్ట్‌గా ఏది ఉందో బూట్ ఎంట్రీలను చూసే గ్రబ్బీ కమాండ్‌ను అడగండి. ఎప్పుడో ఏదో డ్రైవర్ పనిచేయలేదని ఎవరో పాత కెర్నల్‌ను డిఫాల్ట్‌గా పెట్టి మరిచిపోయి ఉండవచ్చు. అలాగైతే కొత్తదాన్ని డిఫాల్ట్ చేసి రీబూట్ చేస్తే సరిపోతుంది.

నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని కారణం

గ్రబ్బీ కొత్త కెర్నలే డిఫాల్ట్ అని చెబుతున్నా, యంత్రం మాత్రం పాతదానితోనే లేస్తుంటే, కెర్నల్ ఫైళ్లు ఉండే /బూట్ పార్టిషన్ అసలు మౌంట్ అయి (సిస్టమ్‌కు జోడై) ఉందో లేదో చూడండి. నాకు ఎదురైన సర్వర్‌లో అంతకుముందు డిస్క్ మార్చినప్పుడు /బూట్ పార్టిషన్‌ను కొత్తగా తయారుచేసి, గ్రబ్‌ను (యంత్రం లేచేటప్పుడు కెర్నల్‌ను ఎక్కించే ప్రోగ్రామ్) సరిచేశారు కానీ, ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పాత యూయూఐడీని (పార్టిషన్ గుర్తింపు సంఖ్యను) అలాగే వదిలేశారు. ఆ వరుసలో నోఫెయిల్ అని కూడా ఉండడంతో, పార్టిషన్ దొరకకపోయినా సిస్టమ్ కిక్కురుమనకుండా లేచేది. గ్రబ్ ఎఫ్‌స్టాబ్‌ను చదవదు. తన పార్టిషన్‌ను తానే వెతుక్కుని అందులోని పాత కెర్నల్‌ను ఎక్కిస్తుంది. అప్‌డేట్లు మాత్రం రూట్ ఫైల్‌సిస్టమ్‌లో ఉన్న /బూట్ అనే ఉత్త డైరెక్టరీలోకి కొత్త కెర్నళ్లను పోస్తూ వచ్చాయి. పేరు ఒకటే అయినా చోట్లు రెండు కావడంతో, మనం చూసేది ఒకటి, గ్రబ్ చూసేది మరొకటి అయింది.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కొత్త కెర్నల్ ప్యాకేజీని తీసేస్తే లీప్ అడ్డు చెప్పదు కదా అని తీసేశాను. అది నిజంగానే అడ్డు చెప్పలేదు. అప్‌గ్రేడ్ నడిపి, రీబూట్ అయ్యాక లాగిన్ తెర మీద మళ్లీ 8 అనే కనిపించింది, ఎర్రర్ ఒక్కటీ లేదు. లీప్ తన అప్‌గ్రేడ్ కెర్నల్‌నూ, దానితో పాటు ఎక్కే తొలి ఫైల్‌సిస్టమ్ అయిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నూ /బూట్‌లోనే పెడుతుంది. అవి కూడా ఆ ఉత్త డైరెక్టరీలో పడ్డాయి కనుక గ్రబ్ మెనూలో అప్‌గ్రేడ్ ఎంట్రీ రానే లేదు.

నిర్ధారించుకోవడానికి ఫైండ్‌మౌంట్‌తో /బూట్‌ను అడగండి. జవాబు ఖాళీగా వస్తే, ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ చూపించే పార్టిషన్ల జాబితాలో ఎక్కడా మౌంట్ కాని చిన్న పార్టిషన్ కోసం చూసి, దాన్ని తాత్కాలికంగా /ఎమ్‌ఎన్‌టీ మీద మౌంట్ చేయండి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఫైలు అందులో కనిపిస్తే దొంగ దొరికినట్టే.

పరిష్కారం

ముందుగా /ఎమ్‌ఎన్‌టీని అన్‌మౌంట్ చేయండి. యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా ఫర్మ్‌వేర్) యంత్రమైతే /బూట్/ఈఎఫ్‌ఐని కూడా అన్‌మౌంట్ చేయండి. తర్వాత ఉత్త డైరెక్టరీలోని ఫైళ్లను వేరే చోటికి తరలించండి. ఈ పని మౌంట్‌కు ముందే జరగాలి. లేకపోతే అవి మౌంట్ కింద దాక్కుని రూట్‌లో చోటు తింటూనే ఉంటాయి. బీఎల్‌కేఐడీ కమాండ్ ఆ పార్టిషన్‌కు చెప్పే యూయూఐడీని ఎఫ్‌స్టాబ్‌లో రాసి, సిస్టమ్‌డీని రీలోడ్ చేసి, అన్నీ మౌంట్ చేసి, ఫైండ్‌మౌంట్‌తో మరొకసారి చూసుకోండి. ఇప్పుడు కెర్నల్-కోర్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేస్తే కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, మెనూ ఎంట్రీ మూడూ అసలు పార్టిషన్‌లో తయారవుతాయి. నాలాగా దాన్ని తీసేసి ఉంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఆ పార్టిషన్‌లో తగినంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. రీబూట్ చేసి, యునేమ్‌లో కొత్త కెర్నల్ కనిపించాకే ప్రీఅప్‌గ్రేడ్‌ను మళ్లీ నడపండి.

మిగతావి

9కి చేరాక రూట్ పాస్‌వర్డ్‌తో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కుదరకపోవడం లోపం కాదు, 9లో డిఫాల్టే అది. ముందే మామూలు ఖాతానో కీనో సిద్ధం చేసుకోండి. పాత పరికరాలతో కనెక్షన్లు తెగిపోతే, 9 డిఫాల్ట్ క్రిప్టో పాలసీ షా-1 అనే పాత పద్ధతిలో చేసిన డిజిటల్ సంతకాలను ఒప్పుకోదని గుర్తుంచుకుని అవతలి పక్షాన్ని సరిచేయండి. షా-1ను తిరిగి అనుమతించడం తాత్కాలికంగానే ఉండాలి. నెట్‌వర్క్-స్క్రిప్ట్స్ ప్యాకేజీ 9లో లేదు కనుక, దాని మీద ఆధారపడిన ఇంటర్‌ఫేస్‌లను 8లో ఉండగానే నెట్‌వర్క్ మేనేజర్‌కు అప్పగించాలి. ప్రాసెసర్ ఎక్స్86-64-వీ2 స్థాయికి చేరనంత పాతదైతే 9 దాని మీద నడవదు. అలాంటి యంత్రాలు అరుదు, ఎదురైతే మార్చవలసింది యంత్రాన్నే.