ఎన్‌డీఎస్‌ఎం పాత షిప్‌యార్డును చూడడం ఎలా

ఆమ్‌స్టర్‌డామ్‌లో మా ఇంటికి చుట్టాలు వస్తే ముందు అక్కడికే తీసుకెళతాను. సెంట్రల్ స్టేషన్ వెనక ఎన్‌డీఎస్‌ఎంకు వెళ్లే ఫెర్రీ ఎక్కండి; టికెట్ అక్కర్లేదు. చలిగాలి కొట్టినా బయటే నిలబడండి, పెద్ద క్రేన్ దూరం నుంచే కనిపించాలి.

దిగగానే కాఫీ కోసం పరుగెత్తకండి. ముందు నీటివైపు దిగే కాంక్రీటు వాలు వెతకండి. కట్టిన ఓడను నీటిలోకి జార్చింది దాని మీదుగానే. దాని పక్కన నిలబడే నేను కథ మొదలుపెడతాను: 1894లో పుట్టిన ఓడల నిర్మాణ సంస్థ, మరమ్మతులు చేసే మరో సంస్థతో 1946లో కలిసి ఎన్‌డీఎస్‌ఎం అయింది. 1984లో ఇక్కడ ఓడల నిర్మాణం ఆగిపోయింది.

తర్వాత పెద్ద షెడ్డులోకి వెళ్లండి. ఇప్పుడక్కడ కళాకారుల స్టూడియోలు. మా వాళ్లు రంగుల గోడల ముందు ఫొటోలు దిగుతారు. నేను మాత్రం తల ఎత్తి పైకప్పు ఇనుప దూలాలు చూస్తుంటాను. వాన కోటు మరవకండి.