ట్యాంకు సెన్సర్ సిగ్నల్ నిలకడగా అందేలా చేసిన తీరు

అమలాపురంలోని మా డాబాపై నీళ్ల ట్యాంకుకు అమర్చిన జిగ్‌బీ (స్మార్ట్ పరికరాలను తీగలు లేకుండా కలిపే రేడియో పద్ధతి) సెన్సర్ తరచూ ఆ పరికరాలను నడిపించే కేంద్ర పరికరమైన హబ్‌తో సంబంధం కోల్పోవడంతో, ట్యాంకు నిండినా మోటారు ఆగక, నీళ్లు పొర్లి కొబ్బరిచెట్ల పాదుల్లోకి పారేవి. మా జిగ్‌బీ, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పనిచేస్తాయి కాబట్టి ఒకదాని సిగ్నల్ మరోదానికి అడ్డురావచ్చు. మా హబ్ వాడుతున్న 11వ జిగ్‌బీ ఛానల్ 2405 మెగాహెర్ట్జ్ వద్ద, అంటే మా రూటర్ ప్రసారం చేసే 1వ వైఫై ఛానల్ పరిధిలోనే ఉంది. అందువల్ల జిగ్‌బీని 2475 మెగాహెర్ట్జ్ వద్దనున్న 25వ ఛానల్‌కు మార్చి, పరికరాలను మళ్లీ జతచేశాను.

కాంక్రీటు శ్లాబు సిగ్నల్‌ను బలహీనపరుస్తుంది కాబట్టి మేడమెట్ల దగ్గర ఒక జిగ్‌బీ స్మార్ట్ ప్లగ్ పెట్టాను. కరెంటుతో నడిచే ఇలాంటి ప్లగ్‌లు చాలావరకు ఇతర పరికరాల సందేశాలను ముందుకు అందిస్తాయి. బ్యాటరీ సెన్సర్లు సాధారణంగా ఆ పని చేయవు. ఈ తేడాను పెట్టెపైనే స్పష్టంగా ముద్రించాలని నా అభిప్రాయం. మోటారు భారాన్ని మాత్రం ప్లగ్‌పై వేయకుండా, స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటారుకు కరెంటును కలిపి, తెంచే స్విచ్) ద్వారానే ఆగేలా ఉంచాను.