అటక మీది వకీలు కట్టలు, మిల్లు ఖాతాలు లా లైబ్రరీకి ఇవ్వాలంటే ఎలా?

గోదావరి జిల్లాల్లో పాత పెంకుటిల్లు తీసి డాబా వేస్తున్నారంటే అటక మీంచి ఒక ట్రంకుపెట్టె దిగడం ఖాయం. తాతగారు వకీలైతే అందులో కేసు కట్టలుంటాయి. రైసుమిల్లో కమీషను కొట్టో నడిపి ఉంటే చిట్టాలు (రోజువారీ లెక్కలు), ఆవర్జాలు (ఖాతాల వారీ లెక్కలు) ఉంటాయి. చాలా ఇళ్లలో అవి నేరుగా పాత పేపర్లు కొనేవాడి తక్కెడలోకి పోతాయి. ఎవరో కొద్దిమంది మాత్రం కాలేజీకి ఫోన్ చేసి "ఇవి మీకేమైనా పనికొస్తాయా అండీ?" అని అడుగుతారు.

పనికొస్తాయి. లా, కామర్స్ చదువులు చెప్పే యూనివర్సిటీల లైబ్రరీల్లో ఇలాంటి కాగితాల్ని మామూలు పుస్తకాలతో కలపకుండా విడిగా ఉంచుతారు. వాటినే స్పెషల్ కలెక్షన్స్ అంటారు. కోర్టుల్లో కాలం తీరిన రికార్డుల్ని తీసేయడానికి 1917లోనే ఒక చట్టం వచ్చింది. కాబట్టి రికార్డు రూములో ఎప్పుడో పోయిన దావా నకలు మీ అటక మీద ఇంకా బతికి ఉండొచ్చు.

మొదటి పని: ఏమీ చేయకండి

పెట్టె దించగానే ఇంట్లో ఓపికున్నవాళ్లు కూర్చుని సర్దడం మొదలెడతారు. దస్తావేజులన్నీ ఒకచోట, ఉత్తరాలన్నీ ఒకచోట, రసీదులన్నీ ఇంకోచోట. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, పెట్టెకు జరిగే అసలు నష్టం ఇదే. చెదలు కూడా ఇంత పాడుచేయవు.

ఒక కేసు కట్టను చూడండి. నిలువుగా మడిచి, నాడాతో కట్టి, పైన నంబరూ వాది, ప్రతివాదుల పేర్లూ రాసి ఉంటాయి. లోపల వకాల్తా, దావా నకలు, జవాబు దావా, కోర్టు పంపిన కమిషనరు వేసిన ప్లాను ఉంటాయి. మధ్యలో ఎందుకుందో తెలియని శిస్తు రసీదు ఒకటి. ఆ రసీదు ఆ కట్టలో ఉంది కాబట్టే, అది ఏ పొలం తగాదాలో సాక్ష్యంగా పెట్టారో తెలుస్తుంది. తీసి రసీదుల కుప్పలో వేస్తే అది వట్టి కాగితమే. నరసాపురం లేసు వ్యాపారుల ఇళ్లలో ఆర్డరు కాగితానికి లేసు ముక్క గుండుసూదితో గుచ్చి ఉండొచ్చు. ఆ ముక్కను విడదీస్తే ఏ ధర ఏ అల్లికకో ఇక ఎవరూ చెప్పలేరు. సూది తుప్పు పట్టినా సరే, పీకకండి. ఆ పని లైబ్రరీ వాళ్లకు వదిలేయండి.

చేతులాగకపోతే పెట్టె మూత తీసి, ఉన్నది ఉన్నట్టు పొరపొరకీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి.

తడి, పురుగు

మన డెల్టాలో కాగితానికి ముఖ్య శత్రువు చెమ్మ. తడిసిన కాగితాలకు రెండు రోజుల్లో బూజు పట్టడం మొదలవుతుంది. వాటిని ఎండలో పడేయకండి, పెళుసెక్కి, సిరా వెలిసిపోతుంది. నీడలో పరిచి ఫ్యాన్ వేస్తే చాలు. అట్టలు అంటుకుపోయి ఉంటే లాగకండి. బూజు కనిపిస్తే ఆ కట్టను వేరే పెట్టి, మాస్కు పెట్టుకుని మరీ ముట్టుకోండి.

సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. కలరా ఉండలు కాగితాల మధ్య వేయకండి. ఎర్రగుడ్డలో కట్టడం మనకు పాత అలవాటే, కానీ తడి తగిలితే ఆ రంగు దిగి కాగితానికి పడుతుంది. ఉతికి ఆరబెట్టిన రంగులేని నూలుగుడ్డ మేలు.

ఇవ్వకూడనివి ముందే పక్కన పెట్టండి

ఇప్పటికీ మీ పేరు మీదో, అన్నదమ్ముల పేరు మీదో ఉన్న భూమికి సంబంధించిన అసలు దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) ఇవ్వకండి. రేపు బ్యాంకు లోనుకైనా, అమ్మకానికైనా అవే అడుగుతారు. కావాలంటే నకళ్లు ఇవ్వండి. తీసిన చోట మాత్రం "అసలు ఇంట్లో ఉంది" అని పెన్సిల్‌తో ఒక చీటీ రాసి పెట్టండి.

వకీలు కాగితాల్లో ఇంకో చిక్కుంది. క్లయింటు వకీలుకి చెప్పుకున్న మాటలు కేసు అయిపోయినంత మాత్రాన బయటపెట్టేవి అయిపోవు. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) నకలు ఎవరు చూసినా ఇబ్బంది లేదు. క్లయింటు రాసిన ఉత్తరం, వకీలుగారు సొంతంగా రాసుకున్న నోట్సు వేరే సంగతి. ఊళ్లో ఆ కుటుంబాలు ఇంకా ఉంటాయి, పాత గొడవలు మళ్లీ లేస్తాయి. అలాంటివి ఫలానా సంవత్సరం దాకా ఎవరికీ చూపించకూడదని షరతు పెట్టండి. మంచి లైబ్రరీ ఏదీ దీనికి కాదనదు.

జాబితా, తేదీలు

ఒక్కో కట్టకు ఒక్క లైను చాలు: ఎక్కడ దొరికింది, పైన ఏం రాసుంది, సుమారు ఏ ఏళ్లది. తేదీ దగ్గరే అందరూ తికమకపడతారు. దానికి కొన్ని గుర్తులున్నాయి.

ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన) సంవత్సరానికి 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940 జులై 1న మొదలై 1941 జూన్ 30న ముగిసింది. తెలుగు సంవత్సరం పేరొక్కటే ఉంటే జాగ్రత్త, ప్రభవ 1867లోనూ వచ్చింది, 1927లోనూ వచ్చింది, 1987లోనూ వచ్చింది. ఖాతాలో రూపాయలు, అణాలు, పైసలు అని మూడు గడులుంటే అది 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుది కావచ్చు.

జిల్లా పేరు కూడా తేదీ చెబుతుంది. నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాలు మొదట గోదావరి జిల్లావి, 1904లో కృష్ణా జిల్లాలో కలిశాయి, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడ్డాక అందులోకి వచ్చాయి. అంటే "కృష్ణా జిల్లా, భీమవరం తాలూకా" అని ఉన్న కాగితం సుమారుగా ఆ రెండు సంవత్సరాల మధ్యది. హైకోర్టు కాగితం మద్రాసుదైతే కంగారుపడకండి, ఆంధ్రకు గుంటూరులో హైకోర్టు వచ్చింది 1954లో.

ఖాతాల్లో పడవ కిరాయి పద్దులు కనిపిస్తే ఆ పుస్తకం గురించి లైబ్రరీ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పండి. కాలువల మీద ధాన్యం ఎలా కదిలిందో, బస్తాకి ఎంత పడిందో తెలిపే రాత ఇళ్లలో తప్ప దొరకడం కష్టం.

ఒప్పంద పత్రం

నోటిమాట మీద ఇవ్వొద్దు. రెండు పేజీల పత్రం రాయించుకోండి. ఇది పూర్తిగా ఇవ్వడమా, భద్రపరచడానికి అప్పగించడమా? ఎవరు చూడొచ్చు, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా? లైబ్రరీకి అక్కర్లేనివి ఎవరికి తిరిగివ్వాలి? ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. ఉత్తరాల సంగతికొస్తే కాగితం మీది కావచ్చు, అందులోని రాతకు కాపీరైటు రాసినవాళ్లదే, వాళ్ల తర్వాత వారసులది. దాన్ని మీరు రాసివ్వలేరు. పెట్టె మీద అన్నదమ్ములకు కూడా హక్కుంటే వాళ్ల సంతకాలూ పెట్టించండి, తర్వాత టెన్షన్ ఉండదు.

పెట్టె ఎవరి ఇంట్లో, ఎవరి చేతిలో ఇన్నాళ్లూ ఉందో ఆ పత్రంలో తప్పక రాయండి. 30 ఏళ్లు దాటిన దస్తావేజు ఉండాల్సిన చోటు నుంచే వచ్చిందని తేలితే, సంతకం, దస్తూరి ఫలానా మనిషివేనని కోర్టు భావించవచ్చు. ఇదివరకు ఎవిడెన్స్ యాక్టు 90వ సెక్షన్‌లో ఉన్న ఈ మాట 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 92లో ఉంది. చరిత్ర రాసేవాళ్లూ మొదట అడిగేది పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందనే.

తీసుకెళ్లే రోజు

కిరాణా కొట్టు అట్టపెట్టెలు వాడకండి, వాటితోపాటు బొద్దింకలూ వస్తాయి. కొత్త పెట్టెలు కొనండి, మోయగలిగినంతే నింపండి, జాబితాలోని నంబరే పెట్టె మీద వేయండి. వానాకాలం అయ్యాక, వీలైతే సంక్రాంతి తర్వాత, సొంత బండిలో తీసుకెళ్లండి. లైబ్రేరియన్ ఎదుట జాబితాతో సరిచూసి, సంతకం, సీలు ఉన్న నకలు ఒకటి తీసుకున్నాకే బయల్దేరండి.