వలల పాకకి సర్కారు డబ్బు: రెండోసారి అర్జీ ఎలా పెట్టామంటే

మొదటి అర్జీ నేనే రాశాను. నాలుగు పేజీలు. 2014లో మా విశాఖని కొట్టిన తుఫాను హుద్‌హుద్‌కి ఎగిరిపోయిన పాక కథతో మొదలెట్టి, ఎండలో కూర్చుని వలలు బాగుచేసుకునేవాళ్ల కష్టమంతా చెప్పి, పేటలో దొరికినవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించి ఒక ఆఫీసులో ఇచ్చాను. ఎనిమిది నెలలకి తిరిగొచ్చింది. పైన ఎర్ర ఇంకుతో రెండే ముక్కలు: స్థలం ఎవరిది? కొలతలేవి? ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసినవాణ్ణి, కొలతల్లేని కాగితం పంపించానని ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

రెండోసారి కాగితం పక్కన పెట్టి ముగ్గుపిండి తీశాను. మీరూ అక్కణ్ణుంచే మొదలెట్టండి. రెండు కేజీల పిండి, పొడుగు టేపు, నాలుగు మేకులు, పురికొస చాలు. అనుకున్న కట్టడాన్ని అనుకున్న చోట, అసలు సైజులో నేల మీద గీయండి. మాది 40 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. మగాళ్లు వచ్చారు, గీతల మధ్య అటూ ఇటూ నడిచారు, "బాగుంది మేష్టారూ" అనేసి టీకి పోయారు. మూడింటికి ఒక ముసలమ్మ నెత్తళ్ల గంప దించి, తూర్పు గీతని కాలితో చెరిపేసింది.

"ఏటి బాబూ, ఇక్కడ పాకేసేత్తే నాలుగ్గంటలకి నీడంతా మా కళ్లం మీదే పడిపోద్ది. నెత్తళ్లు నీ కాయితం మీద ఎండెట్టుకోమంటావా?"

ఆవిడన్నది నిజమే. మనకి సముద్రం తూర్పున. సాయంత్రం ఏ కప్పు నీడైనా అటే సాగుతుంది, చేపలెండే కళ్లం కూడా అటే ఉంది. పాకని పడమరకి 11 అడుగులు జరిపి, తూర్పు చూరు రెండడుగులు దించాం. మర్నాడు నాలుగింటికి చూరు ఎత్తున వెదురు పాతి, నీడ ఎక్కడిదాకా వస్తుందో ఆవిడ చేతే గీత గీయించాను. ఆ ఫొటో, పక్కన కొలతలతో స్కెచ్చి, అర్జీలో మొదటి పేజీ అయ్యాయి. కష్టాల కథ అరపేజీకి కుదించాను.

ఇక స్థలం. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలిసి టౌన్ సర్వే నంబరు పట్టుకోండి. తీరం పక్క జాగా రెవెన్యూ శాఖదో, జీవీఎంసీ (నగర కార్పొరేషన్)దో, పోర్టుదో తేలకుండా ఎవరూ పైసా ఇవ్వరు. "మా తాతల నాటి నుంచీ మాదే" అన్న మాట పంచాయితీలో పనికొస్తుంది, ఫైల్లో పనికిరాదు. తీరానికి దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ నిబంధనల) అనుమతి సంగతి కూడా అప్పుడే అడగండి. ఆ నిబంధనల్లో మత్స్యకారుల అవసరాల కింద చేపలెండబెట్టే యార్డు, వలలు బాగుచేసుకునే యార్డు అని పేర్లు పెట్టి మరీ ఉన్నాయి. అర్జీలో ఆ మాటలే వాడండి. మేం మొదటిసారి గొప్పగా ఉంటుందని ‘కమ్యూనిటీ హాల్’ అని రాశాం. అనుమతి దారిలో మా ముల్లు మేమే వేసుకున్నాం.

డబ్బు ఎవరినడగాలి అన్నది మీరు కట్టేదాన్ని బట్టి ఉంటుంది. ఒకే అర్జీ పది జిరాక్సులు తీసి పది చోట్ల ఇవ్వడం దండగ. అందరూ వాడుకునే, పదికాలాలు నిలిచే కట్టడం ప్రభుత్వ స్థలంలో అయితే ఎంపీ నిధులు అడగండి. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఆయన సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది, పని చేయించేది సర్కారు శాఖ. డబ్బు మీ సంఘం ఖాతాలోకి రాదు, ఆ ఆశ పెట్టుకోకండి. రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఎక్కడికైనా సిఫార్సు చేయొచ్చన్న సంగతి చాలామందికి తట్టదు.

తప్పెటగుళ్ల బృందమో, నాటక సంఘమో రిహార్సలుకి సొంత గూడు కట్టుకోవాలంటే దారి వేరు. కేంద్ర సాంస్కృతిక శాఖకి బిల్డింగ్ గ్రాంట్ అని ఒక పథకం ఉంది. మెట్రో నగరాల్లో 50 లక్షలు, మిగతా ఊళ్లలో 25 లక్షల దాకా ఇస్తారు. సంఘం రిజిస్టరై మూడేళ్లు దాటాలి, స్థలం కాగితాలుండాలి. మన దగ్గర డప్పులకి కొదవ లేదు గానీ, రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించుకున్న బృందాలు ఎన్ని?

పాతబస్తీలో ఏ పాత మేడో, పాత లైబ్రరీయో బాగుచేయించాలంటే కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అంటే సీఎస్‌ఆర్ మంచిది. కంపెనీల చట్టంలో ఈ నిబంధన కింద వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. చారిత్రక కట్టడాల పునరుద్ధరణ, పబ్లిక్ లైబ్రరీలు, సంప్రదాయ కళలు ఆ జాబితాలో ఉన్నాయి. పోర్టు, రిఫైనరీ, స్టీలు ఉన్న ఊళ్లో అడగడానికి మొహమాటమెందుకు? పని మీ సంఘమే చేయాలంటే మాత్రం ముందు సీఎస్‌ఆర్-1 ఫారంతో రిజిస్టర్ చేసుకోవాలి.

ఎస్టిమేటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారే వేస్తారు, సర్కారు రేట్ల షెడ్యూలు ప్రకారం. సరుగుడు బాదులు, తాటి దూలాలు కావాలని ముచ్చటపడితే, షెడ్యూల్లో లేని ప్రతి వస్తువుకీ రేటు లెక్క విడిగా కట్టాలి. మేం దూలాల ముచ్చట వదులుకుని ఇనప పైపులకి ఒప్పుకున్నాం. నాకిప్పటికీ ఆ పైపులు నచ్చవు. గాలి విషయంలో మాత్రం రాజీ పడకండి. గాలి ఒత్తిడి లెక్కకి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. స్తంభం పునాదీ, కప్పు బోల్టులూ ఆ లెక్కకి తట్టుకుంటాయని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత సంతకం చేయించండి. దానికి ఫీజు ఏ పద్దులోంచీ రాలేదు మాకు, బోటుకింత అని వేసుకున్నాం. డ్రాయింగులు గీసేవాళ్లు లేకపోతే ఆంధ్రా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. పిల్లల్ని పరీక్షల ముందు అడక్కండి.

అర్జీ ఇవ్వడానికి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి, కలెక్టరేట్లోనైనా జీవీఎంసీలోనైనా. పెందరాళే వెళితే టోకెను త్వరగా వస్తుంది. రసీదు నంబరు లేకుండా మెట్లు దిగకండి. ముసలమ్మని కూడా తీసుకెళ్లాం మేం. నీడ ఫొటో చూపించి నేను రెండు మాటలు చెప్పేలోపు, మిగతాదంతా ఆవిడే చెప్పేసింది.

గ్రాంటు మీ సంఘానికే వస్తే, ఖర్చయ్యాక కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో వినియోగ పత్రం ఇవ్వాలి. అది ఇవ్వనిదే తర్వాతి కిస్తు కదలదు. బిల్లులు ఏ రోజువి ఆ రోజే అట్టకి అంటించి, వెనక పెన్సిలుతో దేనికో రాసిపెట్టుకోండి. సముద్రపు చెమ్మకి థర్మల్ పేపరు బిల్లులు ఏడాదికే తెల్లబడిపోతాయి, జిరాక్సు తీయించండి.